గాలి నిలుస్తుందా?

"మీ ఇంట్లో ఏదో ఉంది," అంది ఊపిరితిత్తుల డాక్టరు.

మా ముగ్గురిలో ఎవరినీ చూసి అనలేదు. వెలుగుతున్న పెట్టెకు తగిలించిన స్కానింగు ఫిల్ములను చూస్తూ అంది. అయినా మా ఆయన, ఆయన చెల్లెలు, నేను, దొంగతనం జరిగిన ఇంట్లోవాళ్లలా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఆయన కుడి ఊపిరితిత్తిలో ఒక మచ్చ ఉంది. మొదట గోళీకాయంత ఉండేది. మందు మొదలుపెట్టాక తగ్గవలసింది పెరిగింది. పక్కనే ఇంకొకటి తేలింది. ఊపిరితిత్తిని కడిగి తీసిన నీటిలో ఫంగస్ కనిపించిందన్నారు. తడి గోడ మీదా, నిలవ ఉన్న రొట్టె మీదా పట్టే బూజు లాంటిదేనట. మామూలు మనుషులం దాన్ని రోజూ పీలుస్తూనే ఉంటాం. లోపల ఉన్న కాపలా దాన్ని చంపేస్తుంది, మనకు తెలియను కూడా తెలియదు. మా ఆయన ఒంట్లో ఆ కాపలా లేదు. ఉంటే అది మార్చిన కిడ్నీని పరాయిదని తరిమేస్తుంది. అందుకని మందులతో కాపలాను నిద్రపుచ్చి ఉంచారు. ఆ నిద్ర చూసుకుని బూజు లోపలికి వచ్చింది.

డాక్టరు విషయాన్ని నాకు అర్థమయ్యేలా చెప్పింది. బయటినుంచి బూజు ఇంకా లోపలికి వెళుతూ ఉంటే, ఆ దారి వెతికి మూసెయ్యాలి. మూసేస్తే ఇప్పుడిస్తున్న మందే సరిపోవచ్చు. అలాంటి దారి ఏదీ లేదంటే మాత్రం మందు ఓడిపోతున్నట్టే. అప్పుడు కిడ్నీని కాపాడే మందులు ఆపి కాపలాను నిద్రలేపాలి. లేచిన కాపలా బూజును పట్టుకుంటుంది. దానితో పాటు కిడ్నీని కూడా పట్టుకుంటుంది.

"అంటే కిడ్నీ పోతుందా?" అని అడిగింది ఆడపడుచు.

"దాదాపు పోతుందనే అనుకోండి."

ఆ కిడ్నీ ఆమెది.

ఆమె ఒక పెద్ద హోటల్లో గదులు శుభ్రం చేయించే సూపర్‌వైజరు. అక్కడ పనిచేసేవాళ్లు ఆమెను భూతద్దం అంటారు. ఎదురుగా అనరు. తలుపు పై అంచు మీద వేలు రాసి చూస్తుంది. మంచం కిందికి తల పెట్టి చూస్తుంది. నా పెళ్లయిన కొత్తలో నా వంటింట్లో కూడా అలాగే చూసింది. ఆ తర్వాత ఆమె వస్తోందంటే నేను డబ్బాల అడుగులు కూడా తుడిచిపెట్టేదాన్ని. అన్నయ్య కిడ్నీలు పాడయ్యాయని తెలియగానే, ఎవరూ నోరు తెరిచి అడగకముందే వచ్చి, తనది తీసుకోమంది. తనకు రెండెందుకు, రెండిటినీ శుభ్రంగా ఉంచే చాకిరీ తప్ప, అంది. ఆపరేషన్ అయ్యాక ఫోను చేసినప్పుడల్లా మొదట అడిగేది అన్నయ్య గురించి కాదు, కిడ్నీ గురించి.

"మా వాడు ఎలా ఉన్నాడు?"

"మీ వాడు రాత్రింబవళ్లు పనిచేస్తున్నాడు. యజమానే సోమరి," అనేవారు ఈయన.

ఈయన క్లారినెట్లు, సాక్సఫోన్లు బాగుచేసేవారు. కుర్రతనంలో బ్యాండులో వాయించారు. తర్వాత వాయించడం తగ్గి, వాయిద్యాలు బాగుచేయడం మిగిలింది. మా ముందు గదే దుకాణం. ఊరేగింపులకు, ప్రారంభోత్సవాలకు, స్కూలు వార్షికోత్సవాలకు వాయించే బ్యాండుల వాళ్లందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆపరేషన్ అయ్యాక కిడ్నీ డాక్టరు దుకాణం మూసేయమంది. వాయిద్యం ఊదవద్దంది. మట్టి తాకకూడదు, పెంపుడు జంతువులు కూడదు, గోడలు పడగొడుతున్న వీధిలోంచి నడవకూడదు. ఈయన ఎదురు చెప్పలేదు. పనిబల్ల మీద దుప్పటి కప్పారు. సొంత క్లారినెట్‌ను కూడా బ్యాండు మేస్త్రికి ఇచ్చేశారు.

ఇంట్లో ఏదో ఉందని విన్న మర్నాడు పొద్దున్నే ఆడపడుచు టార్చిలైటు, రబ్బరు తొడుగులు, తెల్లగుడ్డ పట్టుకుని దిగింది. చెప్పులు బయటే విడిచి, తనతో తెచ్చుకున్న వేరే జత వేసుకుని లోపలికి వచ్చింది.

"వదినా, ఈ గోడ చెమ్మగా ఉంది."

"స్నానాల గది గోడ చెమ్మగా కాక ఎలా ఉంటుంది?"

"మా హోటల్లో వందల స్నానాల గదులున్నాయి. ఒక్కటీ ఇలా ఉండదు."

"మీ హోటల్లో ఎవరూ సంసారం చెయ్యరు కదమ్మా."

ఈయన మంచం మీదినుంచే నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. ఇద్దరం ఒకేసారి అటు పరిగెత్తి, గుమ్మంలో ఒకరికొకరం అడ్డం పడ్డాం.

ఆమె పరుపు ఎత్తి చూసింది. అలమరలో బట్టలు తీసి వాసన చూసింది. ఫ్యాను రెక్కలు తుడిచి గుడ్డను వెలుతురులో పెట్టి చూసింది. నా స్కూలు సంచీని రెండు వేళ్లతో పట్టుకుని, పిల్లల నోటుపుస్తకాలు ఇంటికి తెస్తున్నావా అని అడిగింది. ఆపరేషన్ అయిననాటి నుంచీ తేవడం లేదన్నాను. స్కూల్లోనే దిద్ది, వచ్చేముందు చేతులు కడుక్కుని, ఇంటికి రాగానే చీర మారుస్తున్నానని కూడా చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే సంజాయిషీలా వినిపించింది. ఆమె తల ఊపింది. ఆ ఊపులో నమ్మకం లేదు.

నా నమ్మకం కూడా అంతంతమాత్రమే. హోటల్లో దుప్పట్లు ఉతికే గది నేల అడుగున ఉంటుంది. అక్కడి గోడలు ఎప్పుడూ కారుతూ ఉంటాయని ఆమే ఒకసారి చెప్పింది. ఆ గదిలోంచి తిన్నగా వచ్చి అన్న మంచం మీద కూర్చున్న రోజులు ఉన్నాయి. ఆ మాట పైకి అనలేదు. అంటే ఆమె నన్ను క్షమించేది కాదు. ఇంకో అనుమానం కూడా ఉండేది, అది మరీ అనలేనిది. ఆమె వెతుకుతున్నది బూజు కోసమా, కిడ్నీ పోకుండా ఉండటానికి ఒక కారణం కోసమా?

ముందు గదిలో పనిబల్ల మీది దుప్పటి ఎత్తి చూసింది. సొంతదారులు తీసుకుపోకుండా వదిలేసిన పాత వాయిద్యాల పెట్టెలు కింద కొన్ని ఉన్నాయి. ఒక పెట్టె తెరిచి వెంటనే మూసేసింది. ఇవి ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదంది. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. బ్యాండు మేస్త్రిని పిలిపించి అన్నీ పంపేశాం. గది కడిగించి తాళం వేశాం. దారి దొరికిందనే అనుకున్నాం. తర్వాతి స్కానింగులో మచ్చ మళ్లీ పెరిగింది.

ఇక మిగిలింది ఈయన మీది అనుమానం.

"మీరు నేను లేనప్పుడు ఊదుతున్నారా?"

"టీచరమ్మా, నా మొహం చూడు. ఊదిన మనిషి ఇంత దిగాలుగా ఉంటాడా?"

"నిజం చెప్పండి."

"ఊదనని డాక్టరుకు మాటిచ్చాను. ఊదలేదు. కావాలంటే మూతికి ప్లాస్టరు వేసి స్కూలుకు వెళ్లు."

ముప్పాతిక వంతు నమ్మాను. మిగిలిన పావు వంతుతో ఒక మధ్యాహ్నం, భోజనాల విరామంలో చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చాను. చప్పుడు కాకుండా మెట్లెక్కి పడకగది తలుపు దగ్గర నిలబడ్డాను. సంగీతం వినిపించలేదు. మాటలు వినిపించాయి. ఒక గొంతు బ్యాండు మేస్త్రిది. బంగారు గుండీల కోటు, భుజాల మీద కుచ్చులు, ఎప్పుడూ నిటారుగా నడక. అందుకని అతన్ని అందరూ జనరల్ అంటారు.

తలుపు కొద్దిగా తోశాను. ఈయన వీపు కనిపించింది. చేతులకు తొడుగులు ఉన్నాయి, మాస్కు తాళ్లు చెవుల వెనక ఉన్నాయి. ముందు ఒళ్లో ఏదో పట్టుకుని ఉన్నారు. 'టప్' అని చిన్న చప్పుడైంది. ఆ చప్పుడు నాకు మా ఇంటి గడియారం చప్పుడు లాంటిది. పెళ్లయిన మొదటి వారం నుంచీ ముందు గదిలోంచి వినిపిస్తూనే ఉంది. ఎప్పుడో తప్ప చెవికి ఆనదు.

నన్ను చూసి జనరల్ లేచి నిలబడ్డాడు. ఈయన చేతిలో ఉన్నది క్లారినెట్ పై ముక్క. పని మొదలుపెట్టారా అని అడిగాను. లేదని ఇద్దరూ ఒకేసారి అన్నారు. మీట కింద ఉండే తోలు మెత్త ఒకటి పాడైందనీ, ఏ మెత్తో చెప్పి పంపిస్తున్నాననీ, విప్పడం గానీ అతకడం గానీ లేదనీ ఈయన చెప్పారు. తొడుగులు చూపించారు, మాస్కు చూపించారు. జనరల్ ఆ ముక్కను కోటు జేబులో పెట్టుకుంటూ, తప్పు తనదేనన్నట్టు నా వైపు చూశాడు.

చాలా రోజుల తర్వాత ఆ వేళ ఈయన మొహంలో రక్తం కనిపించింది. ఎవరో ఒకరికి తన అవసరం ఉన్న మొహం అది. ఊదడం లేదు, విప్పడం లేదు, చేతులకు తొడుగులున్నాయి. ఇందులో ప్రమాదం ఏముందనిపించింది. కానిమ్మన్నాను. మీ చెల్లెలికి మాత్రం చెప్పకండి, నన్ను బతకనివ్వదు, అని కూడా అన్నాను. ఈయన కన్ను గీటారు.

ఆమెకు చెప్పనవసరం లేకపోయింది. ఆ వారమే మంచం కింద తుడుస్తూ ఒక చిన్న గుండ్రటి మెత్త పట్టుకుంది. ఒకవైపు తోలు, ఒకవైపు ఉన్నిగుడ్డ.

"ఇదేంటి వదినా?"

"పాతదేదో దొర్లి ఉంటుంది."

"కిందటివారం కూడా ఇక్కడ తుడిచాను."

ఆమె ఆ మెత్తను కాగితంలో చుట్టి తన సంచీలో వేసుకుంది. ఇక ఆ రోజంతా నాతో అవసరానికి మించి ఒక్క మాట కలపలేదు. అన్నకు మందులిస్తూ నా వైపు ఎలా చూసిందంటే, ఆ మాత్రల రంగు నేనేమైనా మార్చానా అన్నట్టు చూసింది.

డాక్టరు ఆస్పత్రి నుంచి మనుషులను పంపించింది. వాళ్లు పరీక్ష కోసం ఇంట్లో గాలి పట్టారు, గోడలు గీకారు, కుళాయి నీళ్లు తీసుకున్నారు. ఫలితం వచ్చింది. బూజు స్నానాల గదిలో కాస్త ఉంది, మెట్ల మీద కాస్త ఉంది, కిటికీ దగ్గర కాస్త ఉంది. ఏ ఇంట్లో చూసినా అంతే ఉంటుందట. అంటే బయటినుంచి వచ్చే దారి లేదన్నమాట. ఈయనను ఆస్పత్రిలో చేర్చుకున్నారు. కిడ్నీ మందులు ఆపే విషయం ఆ వారంలో తేల్చేయాలని డాక్టరు చెప్పింది. ఆడపడుచు హోటల్లో సెలవు పెట్టి గది బయట బెంచీ మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. మధ్యలో ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలి కూర్చున్నాం.

అక్కడికి జనరల్ వచ్చాడు. తలంటుకుని, కోటు ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. చేతులు కడుక్కుని, మాస్కు వేసుకుని, మాతో పాటు గదిలోకి వచ్చాడు. కాసేపు ఆరోగ్యం గురించి మాట్లాడి, ఈయన కళ్లు మూతలు పడుతుండడం చూసి, మొహమాటంగా కోటు జేబులోంచి క్లారినెట్ పై ముక్క తీశాడు.

"గురువుగారూ, మొన్న మీరు చెప్పిన మెత్త మార్చాను. అయినా గాలి పోతోంది."

"ఆస్పత్రిక్కూడా తెచ్చావా?" అంది ఆడపడుచు.

నేనే ఆమెను ఆపాను. అంతలోనే ఈయన కళ్లు తెరిచి దిండు మీదినుంచి లేవబోతున్నారు. ఆ ముక్కను తీసుకుని స్పిరిట్టు దూదితో పైనంతా తుడిచి ఇచ్చాను. ఈయన తొడుగులు వేసుకున్నారు. ముక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత మాస్కు గడ్డం కిందికి లాగి, ముక్క కింది కొసను తొడకు అదిమి, కన్నాలన్నీ వేళ్లతో మూసి, పై కొసను పెదవుల మధ్య పెట్టుకుని లోపలి గాలిని బలంగా పీల్చారు. ఒక్క క్షణం ఆగి నోరు తీశారు. లోపల గాలి నిలిస్తే 'టప్' మనాలి. అనలేదు.

"నిలవడం లేదు. పైనుంచి రెండో మెత్త," అని ముక్కను జనరల్ చేతికిచ్చి, మాస్కు జాగ్రత్తగా ముక్కు మీదికి లాక్కున్నారు.

ఆడపడుచు మంచం దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, ఇప్పుడేం చేశావు?"

"ఏం చేశాను?"

"నోట్లో పెట్టుకున్నావు."

"ఊదలేదే."

"పీల్చావు."

ఈయన నా వైపు చూశారు. నేనేదైనా చెబుతానని కాబోలు. ఆ చూపులో దొంగతనం లేదు. తన చేతికి ఆరో వేలు ఉందని ఎవరో చెబితే చూసుకున్న మనిషిలా ఉన్నారు. ఇన్నేళ్లలో ఏ వాయిద్యం చేతికి వచ్చినా మొదట చేసే పని అదే. ఆయన దాన్ని పనిగా లెక్కపెట్టుకోలేదు, వాయించడంగానూ లెక్కపెట్టుకోలేదు. డాక్టరు ఎన్నిసార్లు ఏమేం చేస్తున్నారని అడిగినా ఆయన చెప్పింది నిజమే. నాకూ తెలుసు ఆ అలవాటు. చిన్నప్పుడు అన్న పక్కన కూర్చుని ఆ 'టప్' చప్పుడుకు చప్పట్లు కొట్టిన ఆడపడుచుకూ తెలుసు.

డాక్టరును పిలిచాం. ఆమె వచ్చి, మీట ఎత్తి, టార్చి వేసి చూసింది. ఒకటి తప్ప మిగతా మెత్తల కింద తోలు మీద నూగులాగా బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ బూజు ఉంది. కొత్తగా మార్చిన మెత్త ఒక్కటే తెల్లగా ఉంది. ఆడపడుచు సంచీలోంచి కాగితం పొట్లం తీసి అది కూడా డాక్టరు చేతిలో పెట్టింది. పెడుతూ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

ఇలాంటివి ఎన్ని తెచ్చారని డాక్టరు జనరల్‌ను అడిగింది. అతను నేల చూపులు చూస్తూ, మా వాళ్లందరూ తెచ్చారండీ అన్నాడు. తర్వాత మాస్కులోంచి సరిగా వినిపించని గొంతుతో నాతో చెప్పాడు.

"పని చేయించుకోవాలని కాదు టీచర్ గారూ. చాలావాటికి అసలు ఏ లోపమూ లేదు. వాడే వాయిద్యాలు తెస్తే ఎంగిలివని మీరు కోప్పడతారని, అటక మీద పడి ఉన్న పాతవి దించి తెచ్చాం. చేతిలో పెడితే లేచి కూర్చునేవారు. కూర్చుంటే చాలనిపించింది."

వానాకాలాలన్నీ ముక్కిపోతూ పెట్టెల్లో పడి ఉన్న వాయిద్యాలవి. మేం ఇంట్లోంచి పంపేసిన పెట్టెల్లోవి కూడా వాటిలో ఉన్నాయట. ముందు తలుపు లోంచి వెళ్లినవి, నేను స్కూలుకు వెళ్లాక, ఒక్కొక్కటిగా జేబుల్లో తిరిగొచ్చాయి.

పరీక్షలో మెత్తల మీది బూజూ ఊపిరితిత్తిలోదీ ఒక్కటేనని తేలింది. అయితే ఇదే కచ్చితంగా కారణమని రాసి ఇవ్వలేనని డాక్టరు అంది. అంత రాయించుకుని మేం ఎవరి మీద కేసు పెడతాం?

ఆ ఫలితం వచ్చిన సాయంత్రం డాక్టరు మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. దారి దొరికింది, మూసేశాం. కాబట్టి కిడ్నీ మందులు కొనసాగిస్తూ, బూజు మందుకు ఇంకొంత సమయం ఇవ్వవచ్చు. అయితే ఒక మచ్చ రక్తనాళానికి మరీ దగ్గరగా ఉంది. కిడ్నీని వదులుకుంటే ఊపిరితిత్తికి ఎక్కువ భద్రం, మళ్లీ డయాలసిస్ తప్పదు. రెండూ తప్పు నిర్ణయాలు కావు. మాట్లాడుకుని పొద్దున చెప్పండి, అని వెళ్లిపోయింది.

మాట్లాడుకోలేదు. ఈయన చెల్లెలి వైపు చూశారు. చెల్లెలు నా వైపు చూసింది. నేను ఈయన దుప్పటి అంచు సరిచేశాను. ఆడపడుచు నోటినుంచి ఆ మాట వస్తుందని చూశాను. పోనీ అన్నయ్యా, నాది పోతే పోయింది, అంటుందని. ఆమె సంచీ జిప్పు తీసి మళ్లీ వేసింది. కిడ్నీ మీద ఎంత ప్రాణమో అనుకున్నాను. ఆమె నా గురించి ఏమనుకుందో అప్పుడు నాకు తెలియదు.

"ఇంకొన్నాళ్లు చూద్దాం," అన్నారు ఈయన చివరికి. "మా వాడు ఇప్పుడే కుదురుకున్నాడు."

ఎవరూ కాదనలేదు.

మందు పని చేసింది. జ్వరం దిగింది. మచ్చ పెరగడం ఆగింది. ఈయన నర్సులతో వేళాకోళాలు మొదలుపెట్టారు. ఆడపడుచూ నేనూ బెంచీ మీద మధ్య ఖాళీ లేకుండా కూర్చుని, ఇంటికి వెళ్లాక ఏ గోడకు ఏ రంగు వేయించాలో మాట్లాడుకున్నాం. ఒక ఉదయం నేను ఆయన పళ్లు తోముకోవడానికి నీళ్లు పట్టి ఇచ్చాను. దగ్గు వచ్చింది. నీళ్లు ఎర్రబడ్డాయి. తర్వాత వచ్చిన దానికి ఆ గిన్నె సరిపోలేదు. నర్సు నన్ను బయటికి పంపించింది. బూజు రక్తనాళాన్ని ముందే తినేసి ఉందనీ, మందుకు అది మానుతున్నప్పుడు కూడా ఇలా తెగవచ్చుననీ డాక్టరు తర్వాత చెప్పింది. ఆమె మంచి మనిషి. ఓదార్పుగా ఉంటుందని కాబోలు, కిడ్నీ మాత్రం చివరిరోజు దాకా చక్కగా పనిచేసిందని కూడా చెప్పింది. ఆ మాటకు ఆడపడుచు గోడ వైపు తిరిగి నిలబడింది.

నేను మళ్లీ స్కూలుకు వెళ్లడం మొదలుపెట్టాక ఒక రోజు ఆమె అక్కడికి వచ్చింది. పిల్లలు ఆటస్థలంలో ఉన్నారు. ఖాళీ తరగతి గదిలో చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుంది. నేను నల్లబల్ల తుడుస్తున్నాను. సంగతులేవో అడిగింది, చెప్పాను. బ్యాంకు కాగితాలు, గ్యాసు, ముందు గది. ఆ తర్వాత ఉన్నట్టుండి అడిగేసింది.

"ఆ సాయంత్రం నువ్వు, కిడ్నీ వద్దు, మనిషి కావాలి అంటావని చూశాను వదినా. నువ్వంటే సరే అనేదాన్ని."

"నువ్వే అనచ్చు కదా."

"ఎలా అంటాను? ఇచ్చి, మళ్లీ పారేసుకోమన్నట్టు ఉండదూ? అన్నయ్య మనసు కష్టపెట్టుకోడూ? నీ నోటినుంచి రావాలి అది. నువ్వు దుప్పటి సర్దుతూ కూర్చున్నావు."

"నేనంటే, నా కిడ్నీని చులకన చేసింది మా వదిన అని జీవితాంతం అనేదానివి."

ఆమె ఆలోచించింది. "అనేదాన్నే," అంది.

నవ్వు వచ్చినట్టయింది ఇద్దరికీ. రాలేదు. డస్టరు కిటికీ బయట దులిపి వచ్చి ఆమె ఎదురు బెంచీ మీద కూర్చున్నాను.

"కిడ్నీ కోసమే నేను నోరు మూసుకున్నాననుకున్నావా?" అని అడిగింది.

"అనుకున్నాను."

"ఇప్పుడు?"

మెత్త దొరికిన రోజు ఎదురుగా అడిగితే తప్పు జవాబు చెప్పాను, మళ్లీ అలా చెప్పదలచుకోలేదు. నిజంగా సరే అనేదా, అంతా అయిపోయాక మనసు కుదుటపరచుకోవడానికి అలా అనుకుంటోందా? ఆ మొహం చూస్తే తెలియలేదు.

"కొన్ని రోజులు అనుకుంటున్నాను. కొన్ని రోజులు అనుకోవడం లేదు."

ఆమెకు కోపం రాలేదు. "నాకూ అంతే," అంది. "డయాలసిస్‌కు తిప్పలేక ఊరుకున్నావేమో అనిపిస్తుంది కొన్ని రోజులు. లేచి నీ దగ్గరికి వచ్చి అడిగేద్దామనిపిస్తుంది. మళ్లీ సాయంత్రానికి పోతుంది."

బయట గంట కొట్టారు. పిల్లలు అరుచుకుంటూ వరండాలోకి వస్తున్నారు. ఆమె బెంచీలోంచి కష్టపడి లేచి చీర సర్దుకుంది.

"అలా అనిపించిన రోజు నాకే ఫోను చెయ్యి వదినా. ఇంకెవరితోనూ అనకు. నేనూ నీకే చేస్తాను."

సరేనన్నాను. ఆమె డ్యూటీకి వెళ్లింది. నేను హాజరు పిలిచాను.

నిన్న ఆమె ఫోను చేసింది. ఇవాళ నేను చేశాను.